గవరయ్య ఆపని పాట

పొద్దు వాలింది. తొలకరి జల్లు పడుతోంది. ముసలి బోదురుకప్ప గవరయ్య జట్టు గొంతెత్తగానే చెరువులో కప్పలన్నీ గట్టెక్కాయి. గొంతు జీరబోయినా, ఎదురుగా కూర్చుని వింటే ఆ పాట ఇప్పటికీ పొట్టలో మోగుతుంది. కప్పతల్లి నూకాలు కూడా ముగ్గురు పిల్లలతో వెళ్లింది.

పాము కనబడితే పాట ఆపాలి. అది చెరువు కట్టుబాటు. రెల్లులో పాము కదలడం గవరయ్య చూశాడు. అంతలో గట్టంతా "మళ్లీ! మళ్లీ!" అని అరిచింది. గవరయ్య మళ్లీ అందుకున్నాడు.

పాము మీద పడ్డాకే పాట ఆగింది. కప్పలు చెల్లాచెదురయ్యాయి.

"చూసి కూడా ఆపలేదేం తాతా?" నూకాలు నిలదీసింది.

"అంతమంది అడుగుతుంటే ఎలా ఆపనే?"

"ఇంటికెళ్లి చూస్తా. ఒక్కడు తగ్గినా ఆ గొంతు నేనే నొక్కుతా."

ఇంటి దగ్గర లెక్కపెట్టింది. ఒకటి, రెండు.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.