బుట్టలో పడని పిల్ల

"ఆట అయ్యేలోపు మాట చెప్పండమ్మా. రేపు చెప్తానంటే ఈ సీటు ఇంకో పిల్లదైపోతుంది" అంది ప్రైవేటు స్కూలు కోచ్, సర్కారు స్కూలు పిల్ల తల్లితో.

బాస్కెట్‌బాల్ ఫైనల్లో సగం ఆట అయింది. విరామం. కోర్టన్నాక వాదోపవాదాలు తప్పవు కదా, అవి గీత బయట జరుగుతున్నాయి. ఈ కోర్టులో ముద్దాయి తొమ్మిదో తరగతి పిల్ల. మనిషి పొడుగు, మాట పొట్టి. అందరూ నిచ్చెన అంటారు. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతుంది. ఒంటిపూట సెలవు పెట్టి వచ్చింది. రెండుసార్లు కొలవందే ఏదీ కత్తిరించే మనిషి కాదు.

"ఫీజు లేదు. హాస్టల్ మాదే, బూట్లు మావే. కాలేజీ దాకా మేమే చదివిస్తాం. ఇంకేం కావాలి?"

"నాకేం తెలుసు మేడమ్. మా సార్‌ని అడిగి చెప్తా."

సార్ అంటే డ్రిల్లు మాస్టారు. ఆయన ఆ సమయంలో ఒక పిల్ల కాళ్ల బూట్లు ఊడదీసి ఇంకో పిల్లకి తొడిగిస్తున్నాడు. ఆ స్కూల్లో ఆడేవాళ్లు ఎక్కువ, బూట్లు తక్కువ. ఆటలో పిల్ల మారితే బూటూ మారాల్సిందే. రిఫరీకి కూడా అలవాటైపోయి, లేసులు కట్టేదాకా విజిల్ నోట్లోనే పెట్టుకుని ఓపిగ్గా చూస్తుంటాడు.

సంగతి విని మాస్టారు లేచి వచ్చాడు.

"ఏటా ఇదే తంతు. నాటేది మేము, కోసుకుపోయేది మీరు. బంతిని బుట్టలో వెయ్యడం మేము నేర్పితే, నేర్చుకున్న పిల్లని మీరు బుట్టలో వేసుకుంటారు."

"మీరే ఇలా అంటే ఎలా మాస్టారూ?" అంది కోచ్, ఆయన ముఖంలోకి వింతగా చూస్తూ.

"నేను కాకపోతే ఎవరంటారు?" అని మాస్టారు తల్లివైపు తిరిగాడు. "చూడమ్మా, పిల్ల గెలిచినన్నాళ్లూ నెత్తిన పెట్టుకుంటారు. రేపు మోకాలు జారిందనుకో, మర్నాడే సంచి సర్దిస్తారు. చదువు మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు ఈ మేడమ్ ఫోన్ కూడా ఎత్తదు."

తల్లి ముఖం వాడిపోయింది. పిల్ల ఆమె కొంగు పట్టుకుంది.

"అమ్మా, నేను వెళ్తానే. అక్కడ చెక్క కోర్టంట. పడినా మోకాళ్లు చెక్కుకుపోవంట."

"ఇన్నాళ్లూ ఆ మోకాళ్లకి మందు రాసిందెవరే?" అన్నాడు మాస్టారు మెత్తగా.

పిల్ల తల దించుకుంది. "మీరే సార్."

"మరి?"

తల్లి ఒకసారి పిల్లని చూసింది, ఒకసారి ఆ సిమెంటు కోర్టుని చూసింది, చివరికి ఆమె చూపు మాస్టారి దగ్గర ఆగింది.

"వద్దులెండి మేడమ్. కన్నది నేనే గానీ, ఆట నేర్పింది ఆయన. ఆయన వద్దంటే వద్దంతే."

విజిల్ మోగింది.

నిచ్చెన ఆ కోపమంతా బంతి మీద చూపించింది. ఆమెని అడ్డుకోవాల్సింది ప్రైవేటు స్కూలు కెప్టెన్, గుర్రపుతోక జుట్టు పిల్ల. మంచి ఆటగత్తే పాపం. కానీ నిచ్చెన పక్కన నిలబడితే ఒక్క మెట్టంతే ఉంది. చేతులు చాపి ఎగిరినప్పుడల్లా బంతి ఆ చేతుల మీదుగా, జుట్టు మీదుగా, పరువు మీదుగా వెళ్లి బుట్టలో పడుతోంది. ప్రైవేటు స్కూలు వాళ్లు ఖరీదైన నీళ్లు తాగారు. సర్కారు స్కూలు వాళ్లు కొళాయి నీళ్లు తాగి, వాళ్లని మూడు చెరువుల నీళ్లు తాగించారు. కప్పు సర్కారు స్కూలుకొచ్చింది.

పిల్లలంతా ఒకరి తర్వాత ఒకరు నిచ్చెన భుజాల మీదికెక్కి కప్పు పైకెత్తారు. నిచ్చెన బతుకే అంత. అందరూ దాని మీదుగా పైకి వెళ్తారు, అది మాత్రం ఆనించిన గోడ దగ్గరే ఉంటుంది.

కోచ్ పోతూ పోతూ ఇంకోసారి ఆగింది. "ఇప్పటికైనా అవునంటే..."

తల్లి తల అడ్డంగా ఊపింది. కోచ్ నిట్టూర్చి, మూడో స్థానంలో నిలిచిన జట్టువైపు నడిచింది. అక్కడ ఇంకో పొడుగుపిల్ల ఉంది.

నిచ్చెన బూట్లు విప్పి, దులిపి, స్కూలు గోనెసంచిలో పడేసింది. తన రబ్బరు చెప్పులు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గేటువైపు నడిచింది. తల్లి మాత్రం వెనక్కి వచ్చి మాస్టారికి దణ్ణం పెట్టింది.

"మీరు లేకపోతే మోసపోయేవాళ్లం సార్."

"నాదేముందమ్మా. ఎవరి పిల్లయినా నా పిల్లలాంటిదే" అన్నాడు మాస్టారు.

మైదానం ఖాళీ అయ్యేదాకా ఆయన ఉన్న నాలుగు బంతులనే లెక్కపెడుతూ కూర్చున్నాడు. తర్వాత చుట్టూ ఒకసారి చూసి, స్టోర్‌ రూముకి తాళం వేసి, వెనక సందులో పెట్టిన స్కూటరు దగ్గరికి వెళ్లాడు.

అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఉన్న గుర్రపుతోక పిల్ల, ఏడ్చి ఉబ్బిన కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"ఆ నిచ్చెన మా టీమ్‌లోకి రావట్లేదుగా? నా ప్లేసు నాదేగా, డాడీ?"