టోల్‌గేటు దగ్గర మూలుగు

“టోల్‌గేటు వస్తాంది. అమ్మా, జర పండుకో. అద్దం దింపంగనే మూలుగు. పాలమూరు దవాఖానకు పోతున్నమని నేను చెప్త,” అన్నాడు మురళీమోహన్, కారు నెమ్మది చేస్తూ.

జూరాల డ్యాం చూసి, అక్కడ చేపలు తినొద్దామని పొద్దున్నే షాద్‌నగర్‌లో బయల్దేరారు ముగ్గురూ.

“కారు కొన్నోనివి, టోలు కట్టనీకి ఏమైతది?” అంది భార్య శ్రీలత.

“ఊకెనే ఎందుకు కట్టాలె? నిన్ననే సోంచాయించి పెట్టిన.”

వెనక సీట్లో అత్త మల్లమ్మ కోడలి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. గేటు దగ్గర మూలిగింది. టోలు వసూలు చేసే అమ్మాయి తొంగిచూసి కంగారుపడింది. “జల్ది తీస్కపోండ్రి సార్!” అంటూ గేటు ఎత్తించింది.

దాటగానే మురళీమోహన్ పగలబడి నవ్వాడు. “ఏం చేసినవే అమ్మా! ఇగ లే.”

శ్రీలతకు రోత పుట్టింది. ఇలాంటి మనిషితోనా తను కాపురం చేస్తున్నది! “సిగ్గు లేదా? కన్నతల్లితోని గిట్ల నాటకమాడిపిస్తవా?”

మల్లమ్మ లేవలేదు.

“వాన్నేమనకు బిడ్డా. నేను నాటకమాడలే. వారం సంది ఇంట్ల గిట్లనే మూలుగుతున్న. గా పిల్ల ఒక్కతే ఇన్నది.”

మురళీమోహన్ నవ్వు ఆగిపోయింది.

ఆ మూలుగు శ్రీలతకు కొత్త కాదు. పక్క గదిలోంచి వినబడినప్పుడల్లా టీవీ సౌండు పెంచింది తనే. అంతవరకూ మొగుడి మీదున్న రోత తన మీదికే మళ్లింది.

“ఏడ నొస్తాంది అత్తమ్మా?” అంది మెల్లగా.

మల్లమ్మ కోడలి చెయ్యి పట్టుకుని కడుపు మీద పెట్టుకుంది.