నానమ్మకు బిస్కెట్

"బెలూన్లు ఊదితే మాటలొస్తయా? గట్లయితే చార్మినార్ కాడ బెలూన్లమ్మేటోడు పెద్ద లీడరయితుండె!" రాజమణి మూతి తిప్పింది.

ఆమె మనవరాలు కీర్తనకు మూడేళ్లొచ్చినా మాట రాలేదు. మాటలు నేర్పడానికి బెలూన్లు పట్టుకుని ఇంటికొచ్చిన సాజిదా నవ్వి, పాపనడిగింది.

"ఏం గావాలె, బేటా?"

పాప చెంబు చూపించింది.

"నీళ్లు," అంది రాజమణి.

"నీ పేరేంది?"

"కీర్తన," అంది మళ్లీ రాజమణే.

"అమ్మా, జర గీ బిస్కెట్ తినుండ్రి. అయిపోయేదాక మాట్లాడొద్దు."

"బాగుంది, నాకా వైద్యం!" అని ఈసడిస్తూనే రాజమణి బిస్కెట్ నోట్లో పెట్టుకుంది.

పాప మళ్లీ చెంబు చూపించింది. ఎవరూ కదల్లేదు. నానమ్మ వంక చూసింది. నానమ్మ నములుతోంది.

"నీ... ళ్లు."

రాజమణి తనంతట తానే ఇంకో బిస్కెట్ అందుకుంది.