కత్తిరించిన తీగ

మెకానిక్ స్విచ్చి వేశాడు. మసిబారిన హీటరులో తీగ క్షణంలో ఎర్రబడింది. ఆంపియర్ మీటరు ముల్లు పది దగ్గర ఆగింది.

హీటరు తెచ్చిన ముసలి టైలరు ఎదురుగా నిలబడే ఉన్నాడు. పోయిన నెల దీని పక్కనున్న దుప్పటికి నిప్పంటుకుని ఆయన భార్య పోయింది.

"వేడి మరీ ఎక్కువగా ఉందని మా ఆవిడ అంటే, తీగ సగానికి పైగా నేనే కత్తిరించానయ్యా. బట్టలు కుట్టుకునే బుద్ధి కదా, పొడుగు తగ్గితే వేడీ తగ్గుతుందనుకున్నా. అందువల్లేనా?"

రెండు వందల ముప్ఫై వోల్టుల్ని పదితో భాగిస్తే తీగ నిరోధం ఇరవై మూడు ఓమ్‌లు. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. ఆ వోల్టుల్నే పదితో గుణిస్తే రెండు వేల మూడు వందల వాట్లు. హీటరు మీద రాసి ఉన్నది వెయ్యే. తీగ పొట్టిదయ్యేకొద్దీ నిప్పు పెరుగుతుందని ఈయనకు ఏ నోటితో చెప్పడం?

మెకానిక్ స్విచ్చి ఆపేశాడు. "మీటరు నాలుగు చిల్లరే చూపించింది బాబాయ్. అంటే వెయ్యి వాట్లే. మీ తప్పేం లేదు."

"టేపు మీద అంకెలు చూసి బతికినవాణ్ణి నాయనా. ముల్లు పది మీదుంది." టైలరు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "నా మీద జాలితో అబద్ధమాడకు. ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టు. ఆ రోజు స్విచ్చి వేసి బయటికెళ్లింది నా కూతురు. అమ్మను నేనే చంపుకున్నానని ముద్ద ముట్టడం లేదు."