సమ్మతి నొక్కిన చెయ్యి

పక్షవాతంతో పడిపోయిన చేతికి, దాన్ని తనే కదిలించే మరతొడుగు వెయ్యడం, కాళ్లకు చెప్పులు తొడిగినంత మామూలైపోయిన రోజులవి. అలాంటి చేతులకు రోజువారీ పనులు మళ్లీ నేర్పే థెరపిస్టు వకుళకు, వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కాఫీ దొరికేది కానీ పని దొరికేది కాదు.

కాకినాడలో రత్నమాంబ ఇంటికి వెళ్లేసరికి, తొడుగు వేసిన ఆవిడ కుడిచెయ్యి టకటకా వంకాయలు తరుగుతోంది. ఆవిడ మాత్రం దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తోంది.

"మావి ఎప్పుడో అయిపోయాయి, ఇవి పక్కింటివాళ్ల వంకాయలండీ," అంది కోడలు హేమలత మురిసిపోతూ. "అత్తయ్యగారు ఇదివరకెప్పుడూ ఇంత చురుగ్గా లేరు."

వకుళ రత్నమాంబనే అడిగింది. "ఇది మీకు ఇష్టమేనా అమ్మా?"

"ఇష్టం లేకపోవడమేంటండీ? తొడుగు అడిగితే తెరమీద 'సమ్మతి' ఆవిడే నొక్కారుగా," అంది హేమలత.

"ఏ చేత్తో?"

హేమలత చూపు తొడుగు మీదికి వెళ్లింది.

వకుళకు ఒళ్లు మండిపోయింది. దొంగే వచ్చి, తనకు తనే తలుపు తీసుకున్నట్టుంది.

"మీకేం కావాలో మీరు చెప్పండమ్మా."

"నా ముద్ద నేను కలుపుకోవాలే తల్లీ. ఒకటి మింగకముందే ఇంకోటి కుక్కుతోందిది."

వకుళ తొడుగు పట్టీలు చూపించింది. రత్నమాంబే ఎడమచేత్తో వాటిని విప్పుకుంది. వకుళ ముందు పెట్టిన అన్నం కంచంలో కుడిచేతి వేళ్లు వణికాయి. సగం ముద్ద ఒళ్లో పడింది.

"అయ్యో, మెతుకులన్నీ కింద పడుతున్నాయండీ," అంది హేమలత.

"పడనీవే," అంది రత్నమాంబ, నోటిదాకా చేరిన సగాన్ని నిదానంగా నములుతూ. "ఎత్తడానికి నీకు రెండు చేతులూ బానే ఉన్నాయిగా."