అరగంట అడుగు

“సాయంత్రం ఐదింటికి ఆపేస్తున్నాం,” అన్నాడు గాలింపు అధికారి. “మూడు పడవలు, రెండు రోజులు. ఇంక నావల్ల కాదు.”

గోడవార బెంచీ మీద కూర్చున్న జాలరి భార్య తల ఎత్తలేదు. మొన్న ఇంజను చెడిపోయి ఆమె మొగుడి పడవ అఖాతంలోని పెద్ద సుడిలో చిక్కుకుంది. ఫోనులో ఆ ఒక్క మాటే చెప్పాడు. ఆ తర్వాత ఫోనూ లేదు, మొగుడూ లేడు.

అధికారి చూపు లెక్కలమ్మ వైపు తిరిగింది. నీళ్లలో కొట్టుకుపోయేవి ఎక్కడ తేలతాయో కంప్యూటరు మీద లెక్కకట్టి చెప్పడం ఆవిడ పని. రెండు రోజులుగా కళ్లలో వత్తులు వేసుకుని తెర ముందే కూర్చుంది. ఇంక కళ్లు మండిపోతుంటే లేచి, పచ్చ శాలువా భుజాన సర్దుకుని, అఖాతం వైపున్న అద్దాల కిటికీ దగ్గర నడుం విరుచుకుంది. ఆ దారిన పోయే పడవల వాళ్లకి ఆఫీసు వైపు చెయ్యి ఊపడం అలవాటు. ఎవరో ఊపారు. ఆవిడా ఓ ఎండిపోయిన నవ్వు నవ్వి, చెయ్యి ఊపి, మళ్లీ వచ్చి కుర్చీలో కూలబడింది.

తెర మీద పడవ దారి ఎర్రగీతలా చుట్లు తిరుగుతోంది. చుట్టు చుట్టుకీ పెద్దదవుతూ, అఖాతం దాటి నడిసముద్రంలోకి పోతోంది. గాలింపు పడవలు వెతుకుతున్నదీ అక్కడే.

లెక్కలమ్మ ఆ గీతని పెద్దది చేసి చూసింది. వంపనుకున్నది వంపు కాదు. అన్నీ తిన్నని ముక్కలే.

“సార్, తప్పు నాదే.”

“ఇప్పుడా చెప్పేది?”

“ఈ ప్రోగ్రాము అరగంటకోసారి నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తుంది. చూసి, ఆ అరగంటా పడవని తిన్నగా తోసేస్తుంది. సుడిలో నీళ్లు అరగంట తిన్నగా పోతాయా? క్షణక్షణం తిరుగుతాయి. అందుకే అడుగడుక్కీ పడవ కాస్త బయటికి జారింది. నా లెక్కలో జారింది సార్, నీళ్లలో కాదు.”

అరగంట అడుగుని ఒక్క నిమిషానికి కుదించింది. ప్రతి అడుగులోనూ సగం దారిలో ఆగి, అక్కడ నీళ్లు ఎటు పోతున్నాయో చూసి మరీ కదలమంది. ఈసారి గీత నున్నగా తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసింది. మళ్లీ తిరిగింది, మళ్లీ కలిసింది.

“గానుగెద్దు ఎంత నడిచినా గానుగ దాటిపోదు సార్. ఇతను అఖాతంలోనే ఉన్నాడు.”

అధికారి నుదురు రుద్దుకున్నాడు. “వెతకడానికి ఒక్కపూట డీజిలే మిగిలింది. పడవల్ని వెనక్కి పిలిచాక, అతను నడిసముద్రంలోనే ఉన్నాడని తేలితే పాపం ఎవరిది?”

అప్పుడు తల ఎత్తింది జాలరి భార్య. “అమ్మా, ఈ లెక్కయినా నిజమేనా?”

లెక్కలమ్మకి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. “తెలీదక్కా. పాతది తప్పని మాత్రం తెలుసు.”

ఆమె అధికారి వైపు తిరిగింది. “అయితే వెనక్కి పిలిపించండయ్యా.”

అధికారి రేడియో అందుకున్నాడు.

ఐదుకి పది నిమిషాలుందనగా కబురొచ్చింది. దొరికాడు, బతికే ఉన్నాడు.

దుప్పటి కప్పుకుని, పెళ్లాం భుజం ఆసరాగా పట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు జాలరి. పెదాలు పగిలిపోయాయి. లెక్కలమ్మ లేవబోయి లేవలేకపోయింది. కన్నీళ్లు మాత్రం వాటంతటవే వచ్చేశాయి.

“ఈవిడకి దండం పెట్టుకోవయ్యా,” అన్నాడు అధికారి. “నువ్వెక్కడున్నావో లెక్కగట్టి మరీ పట్టుకుంది.”

జాలరి అద్దాల కిటికీని చూశాడు. తర్వాత పచ్చ శాలువాని చూశాడు.

“ఈ కిటికీ ముందు నుంచే నాలుగుసార్లు పోయాను సార్,” అన్నాడు. “ఇవాళ చొక్కా విప్పి ఊపితే, ఈవిడే నవ్వుతూ తిరిగి చెయ్యి ఊపింది.”