వెయ్యిన్ని తొమ్మిదో కుర్చీ

"కుర్చీలు మళ్ళీ లెక్కపెట్టించమ్మా, వరసలు సమంగా రావడం లేదు," అన్నారు లెక్కల మాస్టారు.

సాయంత్రం ఆయన పదవీ విరమణ సభ. వేదిక ఎక్కనని భీష్మించుకు కూర్చున్న మనిషి, వరసలు సర్దే పని మాత్రం ఎవరికీ వదల్లేదు.

"వెయ్యిన్ని తొమ్మిదే మాస్టారూ," అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడా ఒకప్పుడు ఆయన చేత తిట్లు తిన్న శిష్యురాలే.

మాస్టారు నోటితోనే భాగించుకుంటూ పోయారు. "ముప్పై ఒకటి దాకా చూస్తే చాలు. ఏ ఎక్కంలోనూ పోవడం లేదు. ఇది ప్రధాన సంఖ్య. తలకిందులుగా తపస్సు చేసినా సమాన వరసలు రావు."

"ఒక్క వరస ఎక్కువతక్కువైతే కొంపలేం మునగవు కదండీ!"

"నేనుండగానా?" ఆయనే ఒక కుర్చీ పక్కకి లాగారు. "ఇప్పుడు వరసకి ఇరవై ఎనిమిది, ముప్పై ఆరు వరసలు. ముచ్చటగా లేదూ?"

"ఉంది. మరి ఆ మిగిలింది? కింద ఎక్కడ వేసినా మీ వరసలు చెడతాయి."

మాస్టారు ఖాళీ వేదిక వంక చూశారు. తర్వాత ఆవిడ వంక అనుమానంగా చూశారు. "నిన్న వెయ్యిన్నెనిమిదే ఉన్నాయి కదూ?"

"ఒకటి మా ఇంటి నుంచి తెచ్చాను. శేషాన్ని గాలికొదిలేస్తే గోడకుర్చీ వేయించింది మీరే కదండీ!"

మాస్టారు ఆ కుర్చీ ఎత్తుకుని వేదిక మెట్లెక్కారు.